డాట్సన్ 240జెడ్‌కి చేయించిన కాంపోజిట్ డ్యాష్‌బోర్డు: ఏరిజోనా ఎండాకాలం గడిచాక రాస్తున్న రివ్యూ

డాట్సన్ 240జెడ్ ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే మాట ముందు తుప్పు మీదికి, తర్వాత డ్యాష్‌బోర్డు మీదికి వెళ్తుంది. ఏరిజోనాలో మాకు తుప్పు బాధ తక్కువ. ఇక్కడి పొడి గాలికి యాభై ఏళ్ల నాటి ఇనుము కూడా నిలబడుతుంది. డ్యాష్‌బోర్డు మాత్రం నిలబడదు. నా 1972 బండి డ్యాష్ మధ్యనున్న మూడు చిన్న గేజ్‌ల గూళ్ల మీద అడ్డంగా చీలి, అంచులు ఎండిన మామిడి తాండ్రలా పైకి లేచిపోయాయి. లోపలి ఫోమ్ వేలు తగిలితే పొడిపొడిగా రాలేది. దాన్ని తీసేసి, దక్షిణ కాలిఫోర్నియాలో ఇద్దరు మనుషులు నడిపే ఒక చిన్న వర్క్‌షాపులో కాంపోజిట్ డ్యాష్, అంటే గాజు లేదా కార్బన్ పీచును రెజిన్ అనే జిగురుతో గట్టిపరిచి చేసే డ్యాష్, చేయించుకున్నాను. ఒక పూర్తి వేసవి దాని మీదుగా పోయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఎండాకాలం చూడకుండా డ్యాష్‌బోర్డు గురించి ఒక మాట చెప్పడం నాకు ఇష్టం లేదు.

వర్క్‌షాపు పేరు రాయడం లేదు. చేతినిండా ఆర్డర్లున్నాయి, జెడ్ క్లబ్బుల ద్వారా వచ్చేవాళ్లకే చేస్తున్నాం, పేరు బయట పెట్టొద్దు అని వాళ్లే అడిగారు. అందుకే పేరు తెలియకపోయినా ఉపయోగపడేలా, ఇలాంటి పని ఎవరు చేసినా ఎక్కడెక్కడ చూడాలో తెలిసేలా రాస్తున్నాను.

ఈ బండి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. డాట్సన్ నిస్సాన్ కంపెనీ వాడిన బ్రాండు పేరు. నిస్సాన్ 1969 అక్టోబరులో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో దీన్ని విడుదల చేసింది. అమెరికాలో ఆ పేరు నడవదని ఇక్కడి నిస్సాన్ అధిపతి యుటాకా కటయామా పట్టుబట్టి 240జెడ్ అని పెట్టించారు. 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, రెండు కార్బ్యురేటర్లు, అప్పట్లో ధర 3,526 డాలర్లు. యూరప్ స్పోర్ట్స్ కార్లు కొనలేని మామూలు ఉద్యోగులు దీన్ని కొన్నారు, రోజూ ఆఫీసుకు నడిపారు, ఆఫీసు బయట ఎండలో నిలబెట్టారు. డ్యాష్‌బోర్డుల గతి ఇలా కావడానికి అదే కారణం. గ్యారేజీలో ముసుగు కప్పి దాచుకున్న బండ్లు కావు ఇవి.

డ్రైవరు ముందు లోతైన గొట్టాల్లాంటి గూళ్లలో స్పీడోమీటరు, టాకోమీటరు ఉంటాయి. మధ్యలో డ్రైవరు వైపు కొద్దిగా తిరిగి మూడు చిన్న గేజ్‌లు: ఆయిల్ ప్రెషరుతో కలిసి ఇంజన్ వేడి, ఆంపియర్ మీటరుతో కలిసి పెట్రోలు, ఇంకోటి గడియారం. ఈ ఐదు గూళ్లే 240జెడ్ లోపలి అందమంతా. పగుళ్లు వచ్చేదీ సరిగ్గా అక్కడే. కారణం తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. పైతోలు వినైల్. దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఎండకు ఏళ్ల తరబడి ఆవిరైపోతుంది. సాయంత్రం బండి దగ్గరికి వెళ్తే అద్దం లోపల కనిపించే జిడ్డు పొరలో అది కూడా ఉంటుంది. అది పోయిన వినైల్ బిగుసుకుని కుంచించుకుపోతుంది. కింద ఉన్న ఇనుప చట్రం దాన్ని కుంచించుకోనివ్వదు. లాగుడంతా వంపు ఎక్కువగా ఉన్నచోట చేరుతుంది. వంపు ఎక్కువగా ఉన్నది గూళ్ల అంచులమీదే.

మాది రెంటచింతల దగ్గర ఊరు. ఎండంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు అనుకునేవాణ్ణి. కానీ కారు అద్దాల వెనక చేరే ఎండ లెక్క వేరు. పక్కనే ఉన్న టెంపీ ఊళ్లో ఏరిజోనా స్టేట్ యూనివర్సిటీ, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియేగో శాఖ వాళ్లు కలిసి చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. వేసవిలో గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు సగటున 157 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 69 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లింది. అది సగటు, అదీ ఒక్క గంటకే. మధ్యాహ్నం మూడు దాకా వదిలేస్తే నా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు 80 దాటి చూపించింది.

ఇక్కడే నా ఉద్యోగం అడ్డొచ్చింది. నేను ఫీనిక్స్ దగ్గరి చాండ్లర్‌లో చిప్ ప్యాకేజింగ్‌లో పనిచేస్తాను. సిలికాన్ ముక్క చుట్టూ ఎపాక్సీ అనే రకం రెజిన్ పోసి, కింద బోర్డుకు అతికించి, వేడికి ఒక్కొక్కటి ఒక్కో రకంగా సాగితే ఎక్కడ చీలుతుందో లెక్కలు కట్టడం నా రోజువారీ పని. అందుకని డ్యాష్‌బోర్డు చేసేవాళ్లతో ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా నా మొదటి ప్రశ్న ఒక్కటే: మీ రెజిన్ ఎన్ని డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది?

చాలామంది దగ్గర జవాబు లేదు. కార్బన్ ఫైబర్ అండీ, రేసు కార్లకు వాడేది అండీ అన్నారు. కార్బన్ పీచుకు ఏమీ కాదు, నిజమే. ఆ పీచును పట్టి ఉంచేది మాత్రం రెజిన్. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గరే గట్టిదనం కోల్పోవడం మొదలుపెడుతుంది. అలాంటి డ్యాష్ షోరూములో అద్దంలా మెరుస్తుంది. చాండ్లర్‌లో ఒక జూన్ గడిచేసరికి లోపలి పీచు బట్ట నేత గీతలు పైకి తేలతాయి, పొడవాటి అంచులు ఒంగుతాయి. దీనికి మందు పోస్ట్ క్యూరింగ్. అంటే గట్టిపడిన ముక్కను ఓవెన్‌లో పెట్టి, మెల్లగా మెట్లు మెట్లుగా వేడి పెంచి, చాలాసేపు ఉంచి, మళ్లీ మెల్లగా చల్లార్చడం. అప్పుడు అదే రకం రెజిన్ ఇంకా చాలా ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది. దీనికి పెద్ద ఓవెన్ కావాలి, కరెంటు కావాలి, ఓపిక కావాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లు మొదట వదిలేసేది ఈ పనే. ముక్కను చూసి కనిపెట్టడం కొనేవాడి వల్ల కాదు కాబట్టి వదిలేసినా వెంటనే తెలియదు.

నేను ఎంచుకున్న వర్క్‌షాపు ఆయన ఫోన్ పెట్టకుండానే ఓవెన్ చార్టు ఫొటో తీసి పంపాడు. ఏ డిగ్రీ దగ్గర ఎంతసేపు ఉంచారో, చివర ఎంతకి తీసుకెళ్లారో అందులో ఉంది. వాళ్లకే ఆర్డరు ఇవ్వాలని నేను నిర్ణయించుకున్నది అప్పుడే.

ఆర్డరుకు ముందు మిగతా దారులూ చూశాను. అన్నిటికంటే చవక డ్యాష్ క్యాప్. పాత డ్యాష్ మీద ప్లాస్టిక్ తొడుగు పెట్టి సిలికాన్‌తో అతికిస్తారు. మీటరు దూరం నుంచి బాగానే ఉంటుంది. దగ్గరికొస్తే గూళ్ల నోళ్లు ఇరుకై, గేజ్‌లు బావిలో ఉన్నట్టు కనిపిస్తాయి. పైగా ఒకసారి అతికించాక కింద ఉన్న ఒరిజినల్‌ను మళ్లీ బాగుచేయించుకునే అవకాశం దాదాపు పోయినట్టే. రెండోది, పాత డ్యాష్‌నే పంపి ఫోమ్ నింపించి, పైన కొత్త వినైల్ వాక్యూమ్‌తో లాగించుకోవడం. ప్రదర్శనలకు తీసుకెళ్లే ఒరిజినల్ బండి అయితే నేను చెప్పేది ఇదే. కాకపోతే అది మళ్లీ వినైలే. బయట ఎండలో నిలిపే బండికి అదే కథ ఇంకో ఇరవై ఏళ్లకు మళ్లీ మొదలవుతుంది. మూడోది, ట్రాక్ మీద నడిపేవాళ్లు వేసుకునే పల్చటి ఫైబర్‌గ్లాస్ పెంకు. తేలికగా ఉంటుంది, గ్లోవ్ బాక్స్ ఉండదు, గాలి గొట్టాలకు చోటు ఉండదు. మా ఆవిడ ఒకసారి అలాంటి బండిలో కూర్చుని, "దీనికి ఏసీ గాలి ఎటునుంచి వస్తుందండీ?" అని అడిగింది. రాదు. ఫీనిక్స్‌లో ఆ సమాధానంతో ఇంట్లో ఒప్పించడం కుదరదు.

ఇక వాళ్లు చేసే పద్ధతి. చీలని ఒక ఒరిజినల్ డ్యాష్ నుంచి అచ్చు తీసుకుని పెట్టుకున్నారు. గూళ్లు లోతుగా, ఒకదానికొకటి పక్కచూపుగా ఉండటంతో ఒకే అచ్చులోంచి ముక్క ఊడి రాదు. అందుకని అచ్చు చాలా ముక్కలుగా చేసి బోల్టులతో బిగిస్తారు. విప్పితే పువ్వు రేకుల్లా కాకుండా సరిగ్గా ఒక వరసలోనే విప్పాలట, లేకపోతే గూడు పెదవి చిట్లుతుంది. ఒరిజినల్ వినైల్ మీద ఉన్న సన్నటి తోలు గీతలు కూడా అచ్చులోకి దిగాయి. కొత్త ముక్క మీద వేలు పెడితే 1972 నాటి గరుకే తగులుతుంది.

అచ్చులోకి ముందు సాగే గుణమున్న పాలీయూరిథేన్ తోలు స్ప్రే చేస్తారు. ఎండకు పసుపెక్కని రకం వాడతారు. దాని వెనక మెత్తటి ఫోమ్, దాని వెనక అసలైన కాంపోజిట్ పెంకు. పెంకులో గాజు బట్ట పొరలు, ఎపాక్సీ, వాక్యూమ్ సంచితో గాలి బుడగలు లాగేయడం. డ్రైవరు వైపు స్టీరింగు పైన వచ్చే పొడవాటి భాగానికి మాత్రం ఒంగకుండా కార్బన్ పట్టీలు వేస్తారు. ఒరిజినల్‌లో ఉన్న ఇనుప బ్రాకెట్ల చోట కొత్తగా కోసిన స్టీలు బ్రాకెట్లు పొరల మధ్యలో పెట్టి అతికిస్తారు. పాత బోల్టులు, పాత రంధ్రాలు. బాడీలో ఒక్క కొత్త రంధ్రం కూడా వేయక్కర్లేదు. రేపు ఎవరైనా ఒరిజినల్ వెతికి తెచ్చుకుంటే దీన్ని విప్పి పక్కన పెట్టి అది బిగించుకోవచ్చు. పాత బండికి చేసే ఏ పనైనా ఇలా వెనక్కి తిప్పుకోగలిగేలా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

పూర్తి కార్బన్‌తో ఎందుకు చేయించుకోలేదని ఫొటోలు చూసినవాళ్లందరూ అడిగారు. వాళ్ల దగ్గర ఆ రకం కూడా ఉంది, ధర ఇంకా ఎక్కువ, అమ్ముడుపోయేది కూడా అదే ఎక్కువ. నాకు మూడు అభ్యంతరాలున్నాయి, వాటిలో మొదటిది లెక్కల్లోంచి వచ్చింది. స్టీలు వేడికి సాగుతుంది. 1.4 మీటర్ల స్టీలు 50 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.8 మిల్లీమీటర్లు పొడవెక్కుతుంది. కార్బన్ ఫైబర్ దాదాపు సాగనే సాగదు. రెండు చివర్లా స్టీలు బాడీకి బిగించిన కార్బన్ ముక్కను బండి రోజూ అటూ ఇటూ లాగుతూనే ఉంటుంది. గాజు బట్ట, ఎపాక్సీ కలిసినది మాత్రం స్టీలుకు చాలా దగ్గరగా సాగుతుంది. కంప్యూటరు లోపల కనిపించే పచ్చ సర్క్యూట్ బోర్డు కూడా గాజు బట్టా ఎపాక్సీయే. ఆ జోడీ వేడికి ఎలా నడుచుకుంటుందో మా పరిశ్రమకు దశాబ్దాలుగా తెలుసు. ఏ డ్యాష్ అయినా బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కొంచెం కోలగా ఉన్నాయా అని చూడండి. కార్బన్ అయితే తప్పనిసరిగా చూడండి.

రెండోది కరెంటు. కార్బన్ కరెంటును పారనిస్తుంది. 240జెడ్ డ్యాష్ వెనక యాభై ఏళ్ల వైర్లు, పైపొర ఊడిపోయిన వైర్లు గుంపుగా ఉంటాయి. ఒక ఊడిన వైరు కార్బన్‌కు తగిలితే ఏమవుతుందో ఊహించుకుంటేనే టెన్షన్. కార్బన్‌కు నేరుగా తగిలే అల్యూమినియం, మామూలు స్టీలు బోల్టులు కొంచెం తేమ దొరికినా తొందరగా తుప్పు పడతాయి కూడా. బాగా చేసేవాళ్లు కార్బన్ వెనక ఒక పొర గాజు బట్ట వేస్తారు. ఈ వర్క్‌షాపు వేస్తుంది. వేయని వర్క్‌షాపులూ ఉన్నాయి.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఈ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. ఉన్నది మూడు చోట్ల బిగించే బెల్టు, దాని ముందు డ్యాష్ మీది ఫోమ్. అమెరికాలో 1968 నుంచి డ్యాష్‌బోర్డుకు తల తగిలితే దెబ్బ తగ్గించాలన్న నిబంధన ఉంది. ఒరిజినల్‌లో ఆ మందపాటి ప్యాడింగు పెట్టింది అందం కోసం ఒక్కదానికే కాదు. దాన్ని తీసేసి పల్చటి గట్టి కార్బన్ పెంకు పెడితే, ఢీకొన్నప్పుడు పక్క సీటులో ఉన్న మనిషి తల తగిలేది ఒక గట్టి అంచుకు. ట్రాక్ మీద హెల్మెట్టు, ఐదు చోట్ల బిగించే బెల్టు ఉన్నవాళ్ల సంగతి వేరు. నా పక్క సీటులో కూర్చునేది మా అమ్మాయి. ఫోమ్ ఉన్న రకాన్ని కూడా ప్రభుత్వ పరీక్షలో ఢీకొట్టి చూడలేదని వర్క్‌షాపు ఆయనే ముందుగా చెప్పాడు. ఒరిజినల్ అంత మెత్తదనం ఉందో లేదో కొలిచి చెప్పలేను, కానీ బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి వస్తుంది. వట్టి పెంకుకు ఆ గుణం లేదు.

మంట గురించి కూడా అడిగాను. కారు లోపలి వస్తువులు నిమిషానికి 102 మిల్లీమీటర్ల కంటే వేగంగా అంటుకుపోకూడదని 1972 సెప్టెంబరు నుంచి అమెరికా నిబంధన. నా బండి అంతకంటే ముందే తయారైంది కాబట్టి చట్టం దానికి వర్తించదు. అయినా పాత కార్బ్యురేటర్ల బండిలో కూర్చునేవాడు అడగాల్సిన ప్రశ్నే ఇది. తోలు, ఫోమ్, పెంకు మూడూ కలిసిన నమూనా ముక్కను వాళ్లు అడ్డంగా పట్టి కాల్చిన వీడియో పంపారు. మంట కొద్దిదూరం పాకి ఆరిపోయింది.

మెరుపు సంగతి మా తమ్ముడిలాంటి స్నేహితుడి బండిలో తెలిసింది. అతనిది 240జెడ్ తర్వాత వచ్చిన మోడల్, 1974 260జెడ్, టెంపీలో ఉంటాడు. ఇంకోచోట నిగనిగలాడే కార్బన్ డ్యాష్ చేయించుకున్నాడు. ఫొటోల్లో మహా బాగుంది. మధ్యాహ్నం పడమరగా నడిపితే డ్యాష్ మొత్తం ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది. "అన్నా, నాకు రోడ్డు కంటే నేతే ఎక్కువ కనిపిస్తోంది" అన్నాడు. ఇప్పుడు పైన నల్లటి ముఖ్‌మల్ లాంటి ఫ్లాకింగ్ వేయించాలని చూస్తున్నాడు. ర్యాలీ కార్లకు అది మామూలే. ఏ రకం తీసుకున్నా పైభాగం మాత్రం మెరవకుండా చేయించుకోండి.

బిగించే పని గురించి చెప్పేముందు ఒక చట్టం మాట. అమెరికాలో అమ్మిన 240జెడ్‌కి వాహనం గుర్తింపు సంఖ్య ఉన్న చిన్న లోహపు పలక డ్యాష్ మీద, డ్రైవరు వైపు మూలలో, అద్దంలోంచి కనిపించేలా రివెట్లతో ఉంటుంది. డ్యాష్ మారిస్తే ఆ పలకను కూడా కొత్తదాని మీదికి తరలించాలి. దాన్ని ఊడబెరకడం ఫెడరల్ చట్టం కింద నేరం. రిపేరుకు తప్పనిసరి అయితే మినహాయింపు ఉంది, కానీ దానికీ రాష్ట్రానికొక పద్ధతి. పలకను పోస్టులో మాకు పంపితే మేమే రివెట్ చేసి ఇస్తాం అని చెప్పిన దుకాణాన్ని నేను అక్కడికక్కడే వదిలేశాను. నేను ఆర్డరిచ్చిన వాళ్లు తాము పలకను ముట్టుకోబోమని, ముందు మీ రాష్ట్రం ఆఫీసులో అడగమని చెప్పారు. నేను అడిగి, డ్యాష్ విప్పకముందు, బిగించాక రెండుసార్లూ బండి చూపించి కాగితం తీసుకున్నాను. ఇంజన్ దగ్గర బాడీ మీద గుద్దిన సంఖ్య, తలుపు దగ్గరి సంఖ్య సరిపోయాయి కాబట్టి ఇబ్బంది రాలేదు. మీ బండి అమ్మే రోజున ఆ కాగితం డ్యాష్‌బోర్డు కంటే విలువైనది.

పెట్టె బాగా కట్టి పంపారు. రెండు చివర్లూ ప్లైవుడ్ చట్రానికి బోల్టు చేసి ఉన్నాయి, దారిలో ఎటూ ఒంగే అవకాశం లేదు. తీయగానే తిరగేసి వెనక చూశాను. ముందుభాగం ఎవరైనా అందంగా చేస్తారు. వెనక గాజు బట్ట మూలల్లోకి పూర్తిగా దిగిందా, రెజిన్ మడుగు కట్టిందా, అంచులు గరుకుగా వదిలేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. మూలల్లో ఖాళీ లేదు. ప్రతి అంచూ రుద్ది, రెజిన్ పూసి మూసేశారు. వైర్లు వెళ్లే చోట్లు గుండ్రంగా చేశారు. బ్రాకెట్ల చుట్టూ అదనపు పొర ఉంది. బరువు చేతికి తేలికగా తెలిసిపోతుంది, పాత డ్యాష్ పక్కన పెట్టి ఎత్తితే సగం కూడా అనిపించలేదు.

బిగించడం ఒక్కడి పని కాదు. స్టీరింగు కాలమ్ దించాలి, హీటరు కంట్రోళ్లు, రేడియో, గ్లోవ్ బాక్స్ విప్పాలి, అప్పుడు డ్యాష్ ఒకే పెద్ద ముక్కగా బయటికి వస్తుంది. మా బావమరిది ఒకవైపు పట్టుకున్నాడు. "బావా, ఇన్ని వైర్లు మళ్లీ ఎక్కడివక్కడ ఎలా పెడతావు?" అని కంగారు పడ్డాడు. ప్రతి వైరుకూ కాగితం చీటీ అంటించి ఫొటో తీసుకున్నాం. డ్యాష్ బయట ఉన్నప్పుడే హీటరు గొట్టాలు, గేజ్ బల్బులు, పెళుసెక్కిన కనెక్టర్లు మార్చేయండి. మళ్లీ ఆ చోటు చేతికి దొరకదు.

కొత్త డ్యాష్ బోల్టులన్నీ సరిగ్గా కూర్చున్నాయి. స్పీడోమీటరు, టాకోమీటరు గూళ్లలోకి సాఫీగా దిగాయి, చుట్టూ సందు సమానంగా ఉంది. పాత కాంటో సేకీ కంపెనీ గేజ్‌లు ఆ నల్లటి గూళ్లలో మళ్లీ నిలబడి, చీకట్లో లైటు వేసినప్పుడు ఐదు ముఖాలూ వెలిగితే నాకు కలిగిన సంతోషం మాటల్లో తక్కువే చెబుతాను.

ఇప్పుడు లోపాలు. గడియారం గూడు ఇరుకు. మిగతా నాలుగు దిగినట్టు అది దిగలేదు, లోపలి అంచు సన్నటి ఇసుక కాగితంతో రుద్దాల్సి వచ్చింది. అచ్చులో ఆ ముక్క కొంచెం జరిగి ఉంటుందని నా అనుమానం. కుడివైపు చివర డ్యాష్‌కీ అద్దం పక్క స్తంభానికీ మధ్య సందు ఎడమవైపు కంటే ఎక్కువ. తలుపు తెరిచి వంగి చూస్తే తెలుస్తుంది. ఆ రోజుల బాడీలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండవు కాబట్టి తప్పంతా డ్యాష్‌దే అనను, కానీ ముందే నా దగ్గర కొలతలు అడిగి తీసుకున్నారు, వాటిని వాడి ఉంటే బాగుండేది. గ్లోవ్ బాక్స్ మూత కీలు దగ్గర స్క్రూ పట్టే చోటు పల్చగా ఉంది, లోపల ఒక చిన్న స్టీలు పలక వేసుకున్నాను. బిగించే సూచనలు ఒకే ఒక్క పేజీ, బొమ్మలు లేవు. మొదటిసారి విప్పుతున్నవాడికి అది చాలదు. తయారీ వాళ్లు చెప్పిన గడువు కంటే బాగా ఆలస్యమైంది. ఆలస్యమవుతున్నప్పుడు వాళ్లంతట వాళ్లు ఫోన్ చేయలేదు, నేనే చేయాల్సి వచ్చింది. చేసిన ప్రతిసారీ మర్యాదగా, నిజం చెప్పారు.

వాసన కొన్ని వారాలు ఉంది. కళ్లు మండించే ఘాటు కాదు, కొత్త రబ్బరు వాసన. చవక పాలియెస్టర్ రెజిన్ ముక్కలైతే స్టైరీన్ వాసన నెలల తరబడి వదలదు. ఆ రెజిన్ గట్టిపడేటప్పుడు ఎపాక్సీ కంటే చాలా ఎక్కువ కుంచించుకుపోతుంది కూడా, ఐదు గూళ్లూ కచ్చితంగా కుదరాల్సిన ముక్కకు అది పనికిరాదని నా అభిప్రాయం.

వేసవి సంగతికి వస్తే, కావాలనే ముసుగు కప్పకుండా, సన్‌షేడ్ పెట్టకుండా ఆఫీసు పార్కింగులో వదిలాను. మే నెలలో గూళ్ల మధ్య దూరాలు, డ్యాష్ పైభాగానికీ అద్దానికీ మధ్య ఎత్తు కొలిచి రాసుకున్నాను. అక్టోబరులో మళ్లీ కొలిచాను. నా కాలిపర్‌కు అందే తేడా ఏమీ లేదు. నేత పైకి తేలలేదు. తోలు రంగు మారలేదు. అద్దం లోపల జిడ్డు పొర పేరుకోలేదు, అది నాకు అన్నిటికంటే మంచి గుర్తు. ఒకే ఒక్క మార్పు, మధ్యాహ్నం వేడిలో గుంతల రోడ్డు మీద గ్లోవ్ బాక్స్ దగ్గర చిన్న టిక్‌టిక్ శబ్దం వస్తుంది. మూత కీలు దగ్గరే. సన్నటి ఫెల్టు ముక్క పెడితే పోయింది.

ధర షిప్పింగు కాకుండా 1,900 డాలర్లు ఇచ్చాను. డ్యాష్ క్యాప్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. పాత డ్యాష్‌ను పూర్తిగా కొత్త వినైల్‌తో చేయించుకునే ఖర్చుతో పోలిస్తే మరీ దూరం కాదు. బండిని ప్రదర్శనల్లో జడ్జీల ముందు పెట్టేవాళ్లు ఇది తీసుకోవద్దు, తట్టి చూస్తే శబ్దంలోనే ఒరిజినల్ కాదని తెలిసిపోతుంది. ఏడాదికి నాలుగుసార్లు గ్యారేజీ నుంచి తీసేవాళ్లకు ఇంత ఖర్చు అవసరం లేదు. బండిని రోజూ నడిపి, ఎండలో నిలిపి, పక్క సీటులో ఇంట్లో మనిషిని కూర్చోబెట్టుకునేవాళ్లకు నేను మనస్ఫూర్తిగా చెబుతాను: ఫోమ్ ఉన్న రకం, గాజు బట్టతో చేసినది, ఓవెన్ చార్టు చూపించాకే డబ్బులివ్వండి. హైదరాబాద్, విజయవాడల్లో పాత కార్లు బాగుచేసుకునే మిత్రులు కూడా ఫైబర్ పని చేసేవాళ్లను ఈ ఓవెన్ ప్రశ్న అడగండి. మన దగ్గర మే నెల ఎండ ఏరిజోనా కంటే ఏమీ తక్కువ కాదు, మామూలు పాలియెస్టర్‌తో చేసిన డ్యాష్ ఎన్నాళ్లు నిలుస్తుందో ముందే తేల్చుకోవచ్చు.

గడియారం గూడు ఇరుకు గురించి ఫొటోలతో రాసి పంపాను. అచ్చులో ఆ ముక్కను సరిచేశామని, గ్లోవ్ బాక్స్ కీలు దగ్గర స్టీలు పలక ఇకనుంచి లోపలే వేస్తున్నామని జవాబిచ్చారు. ఇప్పుడు ఆర్డరిచ్చేవాళ్లు ఆ రెండూ చేసి పంపుతున్నారా అని ముందుగా రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.